ప్రేవులలోని మెలిజీవులు

ఊరిలో విరేచనములు ప్రబలినప్పుడు అనుమానము ముందుగా పందుల మీదికి పోవును. వెనువెంటనే వానిని పెంచి బ్రదుకు కుటుంబముల మీదికి పోవును. చిల్పూరు వంటి తెలంగాణా పల్లె కానిండు, దూరదేశపు గ్రామము కానిండు, ఈ అనుమానము ఒక్కటే. ఇందులో నిజమెంత? ఒక జాతి సూక్ష్మజీవుల విషయమున ఈ ప్రశ్నకు ఉత్తరము దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

ఆ జీవుల పేరు స్పైరోకీటులు. ఇవి మరమేకువలె మెలికలు తిరిగి, మెలికలతోనే ముందుకు సాగును. 1884లో థియొడోర్ ఎషెరిష్ కలరా రోగుల మలములో వీనిని చూచెను. వీని నివాసమెట్టిదో 1967లో బ్రిటనులో హార్లండు, లీ అను వైద్యులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూపిరి. పెద్దప్రేవు లోపొర మీద ఈ జీవులు ఒక కొన నాటుకొని, నారుమడిలో వరిమొలకలవలె ఒత్తుగా నిలిచియుండెను.

పందుల కథ వేరొక దారిని నడచినది. వాని రక్తవిరేచనముల వ్యాధిని 1921లోనే అమెరికాలో వర్ణించిరి. కాని కారణమైన స్పైరోకీటు 1971లో బ్రిటనులోను, 1972లో అమెరికాలోను గాని పట్టుబడలేదు. దానికి హయోడిసెంటరియే అని పేరిడిరి. 1982లో డెన్మార్కున మనుష్యుని ప్రేవునుండి ఆల్బోర్గీ అను మరియొక జాతి వెలికివచ్చినది. పందులలో తేలికపాటి విరేచనములు కలిగించు మూడవదానికి 1996లో పైలోసికోలై అని నామకరణము జరిగినది. నేడు ఈ మూడింటిని బ్రాకిస్పైరా అను ఒకే ప్రజాతిలో చేర్చుచున్నారు.

కంటికి ఒకే రూపున కనబడు వీనిని వేరుపరచుట ఎట్లు? మొదటి ఉపాయము రసాయనికము. నెత్తురు కలిపిన పోషక పదార్థము మీద పెంచినచో హయోడిసెంటరియే రక్తకణములను తీవ్రముగా కరగించును; పైలోసికోలై కొద్దిగా మాత్రమే కరగించును. రెండవ ఉపాయము ఎంజైములను పిండిజిగురులో ఉంచి విద్యుత్తు ప్రసరింపజేయుట. జన్యువులో మార్పున్నచో ఎంజైము పరుగులో తేడా కనబడును. 1990వ దశకమున ఆస్ట్రేలియాలోని మర్డోక్ విశ్వవిద్యాలయమున హాంప్సను, ఆయన సహచరులు ఈ పద్ధతిని విస్తారముగా వాడిరి.

ఫలితము గమనింపదగినది. పంది రక్తవిరేచనముల జీవి స్పష్టముగా వేరుజాతి. పైలోసికోలై మాత్రము మనుష్యులలోను, పందులలోను, కుక్కలలోను, పక్షులలోను కలదు. దానిలో వంశములు అనేకము. కాని ఇది మనుష్యులది, అది పందులది అని గీత గీయుటకు వీలు చిక్కలేదు. 1996లో మనుష్యునినుండి తీసిన జీవిని పందిపిల్లలకు ఇచ్చి చూడగా వానిలోను అది నెలకొనినది. అనగా మార్గము పందినుండి మనుష్యునికి మాత్రమే కాదు, మనుష్యునినుండి పందికిని కలదు!

తరువాత జన్యుపటములు వెలువడినవి. పందినుండి తీసిన ఒక పైలోసికోలైలో సుమారు 25 లక్షల 90 వేల జన్యులిపి జతలుండగా, మనుష్యునినుండి తీసిన మరియొకదానిలో సుమారు 28 లక్షల 90 వేలు కలవు. ఒక్క జాతిలోనే ఇంత భేదము!

మన దేశమున అస్సాములోని మూడు తేయాకు తోటలలో జరిగిన పరిశీలన 2004లో ప్రకటితమైనది. పరీక్షింపబడిన మనుష్యులలో సుమారు నాలుగవవంతు మందిలో పైలోసికోలై జాడ కనబడినది. అస్సాము తోటలకు పూర్వము విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి కూలికి వలసపోయిన తెలుగువారి సంతతి నేటికిని అక్కడ కలదు గనుక ఈ మాట మనకు పరాయిది కాదు.

ఈ జీవి ఉన్నవారందరును రోగులు కారు. సంపన్న దేశముల సామాన్య జనులలో ఇది అరుదు. శుభ్రమైన నీరు, మరుగుదొడ్లు కొరవడిన చోట్ల హెచ్చు. నాలుగు డిగ్రీల చల్లని సరస్సు నీటిలో ఇది 66 దినములు బ్రదికినట్లు 1998లో తేలినది. కావున పందిని ఊరు వెడలగొట్టినంత మాత్రమున ఈ జీవి వెడలదు. పందులను త్రాగునీటికి ఎడముగా కట్టివేయుట, నీటిని కాచి త్రాగుట, మలము నీటిలో కలియకుండ చూచుట, ఈ మూడును కలిసి జరుగవలెను. పందులు పెంచువారి యిండ్లలోని పిల్లలకు ఈ రక్షణ అందరికంటె ముందుగా కావలయును.