కొండదారిలో సైకిలు: ఒక పాత తగవు

మా అన్నగారి కుమారుడు ఫ్రాన్సు దేశమునందలి లియాన్ నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. వచ్చు సెప్టెంబరు మాసములో అచటినుండి కారులో బయలుదేరి, కారు వెనుక రెండు సైకిళ్లు కట్టుకొని, కొండలు తగిలినచోట కారు నిలిపి సైకిళ్లెక్కి, పిరనీస్ పర్వతములలోని టూర్మలే కనుమవరకు పోవలెనని తలపెట్టితిమి. మాకు అరువది యేండ్లు దాటినవి. మోకాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. "బాబాయ్, విద్యుత్తు సాయముగల కొండ సైకిళ్లు తీసికొందము" అని వాడు వ్రాసినాడు. ఈ సంగతి విన్న మిత్రులొకరు నవ్వి, "డోలీలో కూర్చుండి తిరుమల కొండ చేరి, మెట్లెక్కి వచ్చితినని చెప్పుకొన్నట్లుండును" అనిరి. ఆ మాట మాకు గ్రుచ్చుకొన్నది. సాయము పొంది యెక్కిన కొండ యెక్కినట్లా, కాదా? చరిత్ర యేమి చెప్పుచున్నదో చూచిన పిమ్మటనే ప్రయాణము నిశ్చయింతమనుకొంటిమి. చూడగా, ఈ తగవు నూరేండ్లకు పైబడినదనియు, మేము పోదలచిన దారిమీదనే నడచినదనియు తెలిసినది.

లియాన్ నగరమునకు నైరుతి దిక్కున అరువది కిలోమీటర్ల దూరములో సేంతెతియేన్ పట్టణమున్నది. బొగ్గుగనులకు, పట్టురిబ్బన్లకు, ఆయుధములకు, తరువాత సైకిళ్లకు అది ప్రసిద్ధి కెక్కిన పట్టణము. అచట పాల్ ద వివీ అను పట్టువర్తకుడుండెను. 1853లో జన్మించిన ఈయన సైకిలుపై మక్కువ పెంచుకొని, 1887లో సైకిలు ప్రయాణములకై ఒక పత్రిక స్థాపించెను. 'వెలోసియో' అను కలముపేరుతో వ్రాసెడివాడు. పట్టణము దాటగానే 1161 మీటర్ల యెత్తుగల రిపబ్లిక్ కనుమ యెదురగును. ఆ యెక్కుడు ఆయనకు ప్రయోగశాల అయినది.

ఆనాటి సైకిలునకు ఒకే గేరు. పెడలు ఒక్క చుట్టు త్రిప్పినచో బండి యింత దూరము పోవునని ముందే స్థిరపడి యుండెడిది. చదునునేలపై వేగముగ పోవునట్లు అమర్చినచో కొండ యెక్కలేదు. కొండకు తగినట్లు అమర్చినచో చదునుపై కాళ్లు ఊరక గిరగిర తిరుగును. దారినిబట్టి గేరు మార్చుకొను ఉపాయముండవలెనని వెలోసియో జీవితాంతము వాదించెను. ఆకలి కాకమునుపే తినుమనియు, దప్పి కాకమునుపే త్రాగుమనియు, డంబమునకై త్రొక్కవలదనియు ఆయన ప్రయాణికులకు బోధించెను. ఈ చివరి బోధ మా మిత్రునకును, మాకును సమానముగ వర్తించునని తోచినది.

1902లో ఫ్రాన్సు టూరింగ్ క్లబ్బువారు పిరనీస్ పర్వతములలో ప్రయాణపు సైకిళ్లకు ఒక పరీక్ష నడిపిరి. టూర్మలే కనుమ ఆ దారిలోనిదే. మార్త్ హెస్ అను మహిళ గేర్లుగల సైకిలుపై అందు పాల్గొని అందరి దృష్టిని ఆకర్షించెను. అది చూచి గేర్లపక్షమువారు సంతోషించిరి. ఆన్రీ దెగ్రాంజ్ సంతోషింపలేదు. ఈయన 1893లో గంటకు 35 కిలోమీటర్లకు పైగా త్రొక్కి రికార్డు నెలకొల్పిన పందెగాడు, పత్రికా సంపాదకుడు, 1903లో 'టూర్ ద ఫ్రాన్స్' పందెమును స్థాపించినవాడు. మార్చుకొను గేర్లు నలుబదియైదేండ్లు దాటినవారికే తగుననియు, యంత్రపు నేర్పుకంటె కండబలముతో గెలుచుటయే మేలనియు ఆయన వ్రాసెను. మేము అరువది దాటినవారము గనుక, దెగ్రాంజ్ గారి తీర్పు ప్రకారమైనను మాకు అనుమతి లభించినట్లే!

ఆ దెగ్రాంజ్ గారే తమ పందెమును 1910లో టూర్మలే మీదుగ నడిపించిరి. అందులకు దారి చూచివచ్చుటకై ఆల్ఫాన్స్ స్తైనెస్ అను సహాయకుని ముందుగ పంపిరి. ఈతడు అద్దెకారులో కొండ యెక్కుచుండగ, శిఖరమునకు కొంతదూరములో మంచు అడ్డుపడి కారు నిలిచిపోయెను. ప్రొద్దు క్రుంకినది. డ్రైవరు వెనుకకు మరలెను. స్తైనెస్ ఒంటరిగ మంచులో నడచి, దారితప్పి, పడి లేచి, తెల్లవారుజామున బారెజ్ గ్రామము చేరెను. చేరి, దారి చక్కగ నున్నదనియు, పోవుటకు అభ్యంతరము లేదనియు పారిస్ నగరమునకు తంతి పంపెను! ఆ తంతిని నమ్మి జూలై మాసములో పందెగాండ్రను 326 కిలోమీటర్ల దూరము ఒక్కదినమున నాలుగు పెద్ద కనుమలమీదుగ పంపిరి. గెలుపొందిన ఆక్టావ్ లాపీజ్ సైతము కొంత దూరము సైకిలును నెట్టుకొని నడచెను. దిగకుండ టూర్మలే దాటినందులకు గుస్తావ్ గారిగూ అను పందెగానికి నూరు ఫ్రాంకుల బహుమాన మిచ్చిరి. దిగకుండ ఎక్కుటయే బహుమానమునకు తగిన అద్భుతమైన కాలమది.

ఆ పందెములో గొలుసును ఒక పండ్లచక్రమునుండి వేరొకదానికి మార్చు గేరును 1937లో గాని అనుమతింపలేదు. అప్పటికి దెగ్రాంజ్ అనారోగ్యముచే ఆ బాధ్యతనుండి తప్పుకొనియుండెను. వెలోసియో ఆ దినమును చూడలేదు. 1930లో ట్రాముబండి తగిలి మరణించెను. నేడు గేర్లు లేని పందెపు సైకిలును కొండపై ఊహించువారే లేరు. ఒకనాటి మోసము మరునాటి మర్యాద యైనది.

ఇక కొండ సైకిలు సంగతి. ఇది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మారిన్ ప్రాంతములో రూపు దాల్చినది. కొందరు యువకులు లావుటైర్ల పాత సైకిళ్లను బాగుచేసుకొని అడవిబాటలలో దిగుచుండిరి. 1976లో అచట పందెములు మొదలైనవి. దిగునప్పుడు బ్రేకు వేడెక్కి చక్రపు ఇరుసులోని గ్రీజు పొగయై పోయెడిది. మరల గ్రీజు నింపనిదే రెండవసారి దిగుటకు వీలులేదు. అయితే ఆ బరువైన బండ్లను పైకి చేర్చుటకు వారు తరచు మోటారు ట్రక్కులనే వాడిరి. కొండ సైకిలు తన బాల్యములో మోటారు సాయముతోనే కొండ యెక్కినదన్నమాట!

సైకిలునకే విద్యుత్తు మోటారు తగిలించు ఆలోచనయు క్రొత్తది కాదు. ఆగ్డెన్ బోల్టన్ అను అమెరికను 1895 డిసెంబరు 31వ తేదీన అట్టి బండికి పేటెంటు పొందెను. వెనుకచక్రపు నడుమనే మోటారు నమర్చెను. కాని ఆనాటి బ్యాటరీలు బరువు మెండు, శక్తి తక్కువ. 1993లో జపానుదేశపు యమహా కంపెనీవారు తెచ్చిన సైకిలు ఈ చరిత్రను మలుపు త్రిప్పినది. అందులో కాలు ఎంత బలముగ త్రొక్కుచున్నదో కొలిచి, ఆ లెక్కకు తగినట్లే మోటారు సాయపడును. త్రొక్కుట మానినచో సాయమును మానును. నేడు ఐరోపా దేశములలో సైకిలుగ పరిగణింపబడుటకు మోటారు శక్తి 250 వాట్లకు మించరాదు; వేగము గంటకు 25 కిలోమీటర్లు చేరగానే సాయము ఆగవలెను.

ఇంతవరకు చదివిన పిమ్మట మా ప్రయాణపు లెక్క వేసికొంటిమి. మొదట రిపబ్లిక్ కనుమ, అది అభ్యాసము. పిదప ఆరువందల కిలోమీటర్లకు పైగా కారులో. లూజ్ గ్రామమునుండి టూర్మలే వరకు 19 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు సుమారు 1400 మీటర్లు. కనుమ యెత్తు 2115 మీటర్లు. మనిషి, సైకిలు కలిసి నూరు కిలోలైనచో, ఆ బరువును అంతయెత్తునకు చేర్చుటకు మన ఇంటిమీటరు లెక్కలో ఒక యూనిటులో సుమారు నూటికి 38 వంతుల శక్తి చాలును. అందులో సగము మా కాళ్లు భరించినచో, వృథా పోవు దానిని కలుపుకొనియు, మోటారునకు పావు యూనిటుకు కొంచెము ఎక్కువ పట్టును. మా బ్యాటరీ అర యూనిటుది. మిగిలినదానితో కనుమనుండి పిక్ దు మిది వేధశాల వైపు పోవు రాతిబాటపై కొంతదూరము పోవచ్చును. ఒక్కొక్క సైకిలు ఇరువది కిలోలకు పైబడును గనుక, కారు వెనుకటి చట్రము ఆ బరువునకు తగినదా యని ముందే చూడవలెను. బ్యాటరీలను విడదీసి కారులోపల నుంచవలెను. రాత్రి బసలో వానిని చార్జి చేసికొనవలెను. చలికాలమున మంచువలన కనుమదారి మూయుదురు, అందుకే సెప్టెంబరు.

మా మిత్రునకు ఇప్పుడు ఇట్లు విన్నవించుకొంటిమి: డోలీలో కూర్చున్నవాడు నిద్రపోయినను కొండ చేరును. ఈ సైకిలుపై కాలు ఆగినచో బండియు ఆగును. సగము శక్తి మాది, సగము మోటారుది. ఆ సగమును దాచి, అంతయు మాదేయని చెప్పినప్పుడే మీ యెత్తిపొడుపు మాకు తగును. మా వాడికి కూడ ఒక నియమము వ్రాసి పంపితిమి: కనుమపై మంచు కనబడినచో మరలి వచ్చెదము, ఇంటికి మాత్రము స్తైనెస్ గారి తంతివంటి కబురు పంపము.