పుదుచ్చేరిలో రెండు, జొహానెస్‌బర్గ్‌లో మూడు: మన ఉపఖండం నుంచి చూసిన త్రినక్షత్రాలు

1689 డిసెంబరులో ఫాదర్ రిషో అనే ఫ్రెంచి జెస్యూట్ పుదుచ్చేరిలో ఒక తోకచుక్కను గమనిస్తున్నాడు. చేతిలో పన్నెండడుగుల టెలిస్కోపు. ఆ పనిలో ఉండగా దక్షిణ ఆకాశంలో బాగా మెరిసే ఆల్ఫా సెంటారీ కూడా ఆ టెలిస్కోపులో పడింది. మామూలు కంటికి ఒక్కటే చుక్క. కటకంలో రెండు.

భారత నేల మీద టెలిస్కోపుతో చేసిన ఆవిష్కరణల్లో ముందు చెప్పుకోవాల్సింది ఇదే. మన ఆధునిక చరిత్ర నోట్సుల్లో మాత్రం పుదుచ్చేరి అంటే డూప్లే, కర్ణాటక యుద్ధాలు, అంతే. నిజానికి రిషో పుదుచ్చేరికి రావాలని బయల్దేరిన మనిషి కూడా కాదు. 1687లో ఫ్రాన్స్ రాజు పంపిన జెస్యూట్ గణితజ్ఞుల బృందంతో సయాం, అంటే నేటి థాయిలాండ్, వెళ్లాడు. మరుసటి ఏడాది అక్కడి రాజు నారాయ్ చనిపోయాడు. గద్దెనెక్కిన ఫేత్రాచా ఫ్రెంచివాళ్లను వెళ్లగొట్టాడు. అలా తరిమేస్తే వచ్చినవాడు రిషో. సయాంలో తిరుగుబాటు జరక్కపోతే ఈ ఆవిష్కరణ మన తీరంలో జరిగేదే కాదు.

అయితే రిషో చూసింది రెండు నక్షత్రాలనే. ఆల్ఫా సెంటారీ ఇప్పుడు మనకు తెలిసిన త్రినక్షత్ర వ్యవస్థల్లో అన్నిటికన్నా దగ్గరిది. మూడోది దొరకడానికి 226 ఏళ్లు పట్టింది. 

ఆ ఆలస్యానికి కారణం చూడండి. రెండు చుక్కలు పక్కపక్కన కనిపించినంత మాత్రాన అవి జంట కావు. ఒకటి దగ్గరగా, ఇంకోటి ఎంతో దూరంగా, మన చూపుకు ఒకే వరుసలో ఉండొచ్చు. ఇన్ని జతలు కాకతాళీయంగా ఏర్పడే అవకాశం లేదని 1767లో జాన్ మిచెల్ సంభావ్యత లెక్కతో వాదించాడు. ఒకదాని చుట్టూ ఒకటి నిజంగా తిరుగుతున్నాయని విలియం హెర్షెల్ 1803లో చూపించాడు. ఇరవై ఏళ్ల పాత కొలతలు తన దగ్గరే ఉండబట్టి చూపించగలిగాడు. జంట నక్షత్రాల శాస్త్రానికి ముడిసరుకు పెద్ద టెలిస్కోపు కాదు, పాత రిజిస్టరు. 

మూడో నక్షత్రం దగ్గర ఈ మాట ఇంకా నిజం. ఆల్ఫా సెంటారీలోని రెండు పెద్ద నక్షత్రాలు దాదాపు 80 ఏళ్లకోసారి ఒక చుట్టు తిరుగుతాయి. వాటి మధ్య దూరం మన సూర్యుడి నుంచి శనిగ్రహానికి ఉన్న దూరం కంటే కాస్త ఎక్కువ మొదలుకొని, దాదాపు ప్లూటో దూరం దాకా మారుతుంటుంది. మూడోది వాటికి భూమి-సూర్యుల మధ్య దూరానికి సుమారు 13,000 రెట్ల దూరంలో ఉంది. ఇలా ఉండటం యాదృచ్ఛికం కాదు. ఒకే స్థాయి బరువున్న మూడు నక్షత్రాలు ఒకదానికొకటి సమాన దూరాల్లో ఎక్కువకాలం నిలవలేవు. గురుత్వాకర్షణ లాగులాటలో ఏదో ఒకటి బయటికి విసిరేయబడుతుంది. నిలిచే ఏర్పాటు ఒకటే: ఇద్దరు దగ్గరగా, మూడోవాడు దూరంగా. కాబట్టి త్రినక్షత్రంలో మూడోది మిగతా రెండిటి పక్కన కాకుండా ఎక్కడో దూరాన దొరకడం మామూలే. ఇక్కడైతే ఆకాశంలో రెండు డిగ్రీలకు పైగా పక్కకు, అంటే నాలుగు పున్నమి చందమామలను వరుసగా పేర్చినంత దూరంలో ఉంది. పైగా కంటికి ఆనే కనిష్ఠ వెలుగు కన్నా వంద రెట్లు మసక. 1915లో జొహానెస్‌బర్గ్‌లోని యూనియన్ అబ్జర్వేటరీలో రాబర్ట్ ఇన్నెస్ ఐదేళ్ల తేడాతో తీసిన రెండు ఫొటో ప్లేట్లను మార్చి మార్చి చూస్తూ, కదిలిన ఒక చిన్న చుక్కను పట్టుకున్నాడు. అదే ప్రాక్సిమా. సూర్యుడి తర్వాత మనకు అత్యంత సమీప నక్షత్రం, 4.24 కాంతి సంవత్సరాలు. అది మిగతా రెండిటికీ కట్టుబడే ఉందనీ, ఒక చుట్టుకు సుమారు 5,50,000 ఏళ్లు పడుతుందనీ నమ్మకంగా లెక్క తేలింది 2017లో. 

ఇప్పుడు పుదుచ్చేరి నుంచి మద్రాసుకు. ఈస్టిండియా కంపెనీ నుంగంబాక్కంలో కట్టిన అబ్జర్వేటరీలో 1792 నాటి గ్రానైటు స్తంభం ఒకటుంది. దాని మీది శాసనంలో తెలుగు కూడా ఉంది. బ్రిటిష్ వారి ఔదార్యంతో ఆసియాలో గణిత శాస్త్రాలు మొదటిసారి నాటుకున్న కాలం వెయ్యేళ్ల తర్వాతివారికి తెలియాలన్నది అందులోని భావం. ఆర్యభట నుంచి జైసింగ్ దాకా జరిగిందంతా పక్కన పెట్టినా, అదే తీరంలో కొద్ది దూరంలో రిషో తన టెలిస్కోపు పెట్టి అప్పటికి 103 ఏళ్లు. ఆ స్తంభం చెక్కించినవాళ్లకు పొరుగువాడి సంగతి తెలియదో, తెలిసీ అక్కర్లేదో!

కంపెనీకి కావలసింది ఓడలకు రేఖాంశం, నౌకాశ్రయానికి సమయం, సర్వేకి ఆధారబిందువు. జంట నక్షత్రాలు అందులో లేవు. వాటిని పట్టుకున్నది విలియం స్టీఫెన్ జాకబ్ అనే సైనిక ఇంజినీరు. త్రికోణమితి సర్వేలో పనిచేస్తూ 1842లో పుణెలో సొంతంగా అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు. ఐదడుగుల డాలండ్ టెలిస్కోపుతో 244 జంట నక్షత్రాల పట్టిక తయారుచేశాడు. 1847లో వృశ్చిక రాశిలోని న్యూ స్కార్పియై త్రినక్షత్రమని గమనించాడు. పెద్దగా విడిపోయి కనిపించే ఆ జంటలో మసకదాన్ని పరిశీలిస్తే అది మళ్లీ రెండుగా చీలింది. తర్వాత ప్రకాశవంతమైనది కూడా చీలి నాలుగైంది. ఇప్పటి లెక్క ఏడు. ఆకాశంలో మూడు అనే అంకె చాలాసార్లు అప్పటిదాకా మనం ఎంత చూశామో చెప్పే అంకె మాత్రమే.

1848 చివర జాకబ్‌కు మద్రాసు అబ్జర్వేటరీ బాధ్యత వచ్చింది. అక్కడి నుంచి 1855లో ఒక పెద్ద మాట అన్నాడు. 70 ఓఫియూకి అనే జంట నక్షత్రం లెక్కగట్టిన కక్ష్య నుంచి కొద్దిగా తప్పుతోందనీ, కంటికి కనపడని మూడో వస్తువు, బహుశా ఒక గ్రహం, దాన్ని లాగుతోందనీ. సూర్యుడు కాని మరో నక్షత్రానికి గ్రహం ఉందని కొలతల ఆధారంగా చేసిన తొలి వాదనల్లో ఇదొకటి. అది తప్పు. 1890లలో మరొకరు ఇదే వాదన ఎత్తుకుంటే, అలాంటి వ్యవస్థ నిలవదని 1899లో మౌల్టన్ గణితంతో తేల్చాడు. 

నా దృష్టిలో జాకబ్ తప్పు తెలివితక్కువది కాదు. ఆ జంట ఒక చుట్టు తిరగడానికి 88 ఏళ్లు. హెర్షెల్ దాన్ని మొదట నమోదు చేసింది 1779లో. అంటే 1855 నాటికి ఒక్క చుట్టు కూడా పూర్తికాలేదు, 76 ఏళ్ల సమాచారమే ఉంది, అందులోనూ తొలినాటి కొలతలు మోటువి. ఇంజినీరింగులో మేం ల్యాబ్ రికార్డుల్లో చేసే పనే ఇది: కొలతలోని లోపాన్ని కొత్త దృగ్విషయమనుకోవడం. తేడా ఏమిటంటే ఆయన అడిగిన ప్రశ్న సరైనది. కనిపించే నక్షత్రం ఊగిసలాటను బట్టి కనిపించని తోడును పట్టే పద్ధతి ఈనాటికీ వాడుకలో ఉంది.

అనారోగ్యంతో ఇంగ్లండు వెళ్లిన జాకబ్, పుణె దగ్గరి కొండల మీద కొత్త అబ్జర్వేటరీ పెట్టాలని తొమ్మిదంగుళాల టెలిస్కోపు సిద్ధం చేసుకుని 1862 ఆగస్టులో బొంబాయిలో దిగాడు. కొద్ది రోజులకే పుణె చేరి చనిపోయాడు. వయసు 48. పని అక్కడే ఆగింది.

'వలస విజ్ఞానం కేవలం పన్నుల కోసం, నౌకల కోసం' అని మనం రాసే జవాబు సగం సరైనదే. సంస్థ అందుకోసమే. కానీ అందులో మనుషులు వేరే ఆసక్తులతో వచ్చారు, ఆ ఆసక్తులు వాళ్లతోనే పోయాయి. మిగిలినవి రోజువారీ కొలతలు. వాటిని దశాబ్దాల పాటు నిలబెట్టినవారిలో చింతామణి రఘునాథాచారి లాంటి భారతీయ సహాయకులున్నారు. 1867లో ఆర్ రెటిక్యులి అనే చరనక్షత్రాన్ని కనిపెట్టడంతో ఆయన పేరు మిగిలింది. మిగతావారిలో చాలామంది పేర్లు పాఠ్యపుస్తకాల దాకా రాలేదు.

ఇవి చూడాలనుకునేవారికి: మే నెలాఖరున రాత్రి పదింటికి హైదరాబాదులో దక్షిణ దిగంతం మీద ఆల్ఫా సెంటారీ 12 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చేయి చాపి పిడికిలి అడ్డుపెడితే దానికి కాస్త పైన. అడ్డంగా అపార్ట్‌మెంట్ ఉంటే అంతే సంగతులు. పుదుచ్చేరిలో 17 డిగ్రీలు. ఢిల్లీలో ఒక డిగ్రీ కూడా లేవదు కాబట్టి రాజిందర్ నగర్ మేడల మీద ప్రయత్నం దండగ. రిషో చూసిన రెండూ చిన్న టెలిస్కోపుకే విడిపోతాయి. న్యూ స్కార్పియై ఇంకా సులువు: తేలు తలలోని అనూరాధ చుక్కల్లో ఉత్తరాన ఉన్నదాని పక్కనే. అందులో రెండు వెంటనే కనిపిస్తాయి. జాకబ్ చూసిన మూడోది కావాలంటే మరికాస్త పెద్ద కటకం, గాలి కదలని రాత్రి ఉండాలి.