చేతి పట్టీ కింద దద్దుర్లు

అడుగులను, నిద్రను లెక్కించే ‘ఫోర్స్’ అనే మణికట్టు పట్టీని అమెరికాకు చెందిన ఫిట్‌బిట్ సంస్థ 2013 అక్టోబరులో విడుదల చేసింది. కొద్ది నెలలలోనే దానిని ధరించిన కొందరికి పట్టీ కింద చర్మం ఎర్రబారి, దురదపెట్టి, పొక్కులు లేచాయి. 2014 ఫిబ్రవరిలో సంస్థ అమ్మకాలు నిలిపివేసింది. మార్చిలో ఆ దేశపు వినియోగ వస్తువుల భద్రతా సంఘం ద్వారా పట్టీలను వెనుకకు తీసుకున్నది. అక్కడ అమ్ముడైనవి సుమారు 10 లక్షలు. చర్మం చెడినదన్న ఫిర్యాదులు సుమారు 9,900, బొబ్బలెక్కినవి 250 వరకు.

అంటే అత్యధికులకు ఏమీ కాలేదు. ఒకే వస్తువు ఒకరికి పడి మరొకరికి పడకపోవడమే ఈ వ్యాధి స్వభావం.

పట్టీలోని ఉక్కులో గల నికెల్, పట్టీ పదార్థం, భాగాలను అతికించిన జిగురు కారణం కావచ్చునని సంస్థ తెలిపింది. నికెల్ సంగతి మన ఇళ్లకు కొత్త కాదు. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవితమ్మెలు పుండ్లు పడే స్త్రీలు ప్రతి ఊరిలోనూ కలరు. అదే లోహం, అదే అలర్జీ. మేలిరకం ఉక్కు నుండి నికెల్ బయటకు వచ్చేది స్వల్పమే, కాని చెమట దానిని కరిగిస్తుంది. చర్మాన్ని అంటిపెట్టుకొని ఉండే వస్తువుల నుండి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కారాదని ఐరోపా నియమం. చౌక గడియారాల పెట్టెలపై వెనుక మూత ఏ లోహమో రాసి ఉండటమే అరుదు. గిల్టు పడనివారు వాటికి దూరంగా ఉండటం మంచిది. ఈ అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

అయితే ప్రతి దద్దురూ అలర్జీ కాదు. పొలంలో పట్టిన చెమట, స్నానపు సబ్బు, దుమ్ము బిగించిన పట్టీ కింద నిలిచి ఒరుసుకుంటే ఎవరి చర్మమైనా మండుతుంది. పట్టీ తీసి, చోటు కడిగి, పొడిగా ఉంచితే కొద్దిరోజులలో ఇది తగ్గుతుంది. అలర్జీ దురద తరచు ధరించిన ఒకటి రెండు రోజులకు మొదలై, పట్టీ అంచు దాటి కూడా పాకవచ్చు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మచ్చను చూసి తామర అనుకొని, మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ కలిసిన లేపనం రాస్తారు. దురద అణగగానే మళ్లీ పట్టీ కడతారు. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడుతుంది. నిజంగా తామరే అయితే పైకి తగ్గినట్లు కనిపిస్తూ వ్యాపిస్తుంది.

పట్టీ తీసిన వారానికీ తగ్గకపోయినా, పొక్కులు నీరు కారినా చర్మవైద్యుని చూడాలి. అనుమానమున్న పదార్థాలను వీపుపై అంటించి, రెండు రోజుల తరువాత తీసి పరిశీలించే ప్యాచ్ పరీక్ష పెద్ద ఆసుపత్రులలో కలదు. వెళ్లేటప్పుడు ఆ గడియారాన్ని కూడా వెంట తీసుకువెళ్లాలి.