చేప వెన్నెముకయు, సి విటమినును

నావికుల వ్యాధికి కనుగొనిన మందు చెరువులోని చేపకు రక్షయైన దనిన శ్రోతలకు వింతగా తోచవచ్చును. ఆ కథకు మొదలు సముద్రముమీద నున్నది.

1747వ సంవత్సరమున సాల్స్‌బరీ అను బ్రిటిష్ యుద్ధనౌకలో వైద్యుడైన జేమ్స్ లిండ్, స్కర్వీ వ్యాధితో చిగుళ్లు కుళ్లి నీరసించిన 12 మంది నావికులను ఇద్దరిద్దరు చొప్పున విభజించి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క చికిత్స చేసెను. నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరును అందరికన్న ముందు కోలుకొనిరి. ఆ పండ్లలోని మహిమ సి విటమిన్‌దే యని 1932లో తేలినది.

ఆవు, మేక, కుక్క ఈ విటమినును తమ దేహముననే తయారు చేసికొనును. మనకు ఆ శక్తి లేదు; బొచ్చె, శీలావతి వంటి చేపలకును లేదు. ఏటిలో నాచును పురుగును తిని బ్రతుకు చేపకు ఆ లోటు తెలియదు. మనము వేయు మేతపై నాధారపడిన చేపకు తెలియును. 1957లో అమెరికాలో జాన్ హాల్వర్ చేపలకు కావలసిన విటమినులను పరీక్షించుటకు ప్రత్యేకాహారమును రూపొందించెను. అటుపై జరిగిన పరిశోధనలలో, సి విటమిన్ కొరవడిన చేపకు వెన్నెముక వంకరపోవునని రుజువయ్యెను.

అంతలో మరియొక చిత్రము కనబడినది. అమెరికాలో ప్రత్తిచేలపై విరివిగా చల్లిన టాక్సాఫీన్ అను పురుగుమందు నీటిలో కలిసినప్పుడు, చేపల వెన్నెముక పెళుసెక్కి విరుగుచుండెను. మేయర్, మెర్లె ప్రభృతులు 1978లో ప్రకటించిన పరిశోధన దీనికి కారణమును చూపినది. విషమును విరిచి వెలుపలికి పంపుటకు కాలేయము సి విటమినును ఖర్చుచేయును. ఎముకకు పట్టునిచ్చు కొల్లాజెన్ తయారీకి మిగులునది స్వల్పము. మేతలో విటమిన్ పాలు పెంచగా, మీసాల చేపలగు క్యాట్‌ఫిష్‌లలో ఆ హాని తగ్గెను.

మన కొల్లేటి ప్రాంతమున చేపల చెరువును వరిచేనును పలుచోట్ల గట్టునానుకొని యుండును. చేపకు వేయు తవుడులో, వేరుసెనగ చెక్కలో సి విటమిన్ దాదాపు శూన్యము. విడిగా కలిపినను వేడికిని నిలువకును నశించును. అందుచేతనే తయారుమేతలలో దానిని చెడక నిలుచు ఫాస్ఫేటు రూపమున కలుపుచున్నారు.

అయినను, కవచము తొడిగితిమి గదా యని బాణములు వేయుట న్యాయము కాదు. ఒక్కసారిగా విషము వచ్చిపడిన చెరువును ఏ విటమినును కాపాడజాలదు. టాక్సాఫీన్‌ను అమెరికా 1990లో పూర్తిగా నిషేధించినది. చేపలకు మిక్కిలి ప్రమాదకరమైన ఎండోసల్ఫాన్‌ను మన సుప్రీంకోర్టు 2011లో నిలిపివేసినది. మందు చల్లిన చేని మురుగు చెరువులోనికి రాకుండ అడ్డగించుటయే చేపకు మొదటి రక్ష. మేతలోని విటమిన్ రెండవది.