తూర్పుదేశపు జ్ఞానులు: చిత్రకళ నుండి డోర్నకల్లు దేవాలయము వరకు

భద్రాచలమున గర్భాలయము ముందు నిలిచిన భక్తునకు, అక్షరజ్ఞానము లేకున్నను, మూలమూర్తి ఎవరో వేరుగ చెప్పనక్కరలేదు. శంఖచక్రములు, ధనుర్బాణములు, వామాంకమున సీతాదేవి, ప్రక్కనే లక్ష్మణస్వామి: ఈ గుర్తులే అతనికి గ్రంథము. ఇట్లు గుర్తులచే కథ చెప్పు పద్ధతి క్రైస్తవ చిత్రకళయందును ప్రాచీనమైనదే. తాళపుచెవులు పట్టినవాడు పేతురు. ఖడ్గము ధరించినవాడు పౌలు. సింహము మార్కునకు, ఎద్దు లూకాకు, గరుడపక్షి యోహానుకు చిహ్నములు. మరియమ్మ వస్త్రమునకు వాడిన మేలైన నీలిరంగు ఆఫ్ఘనిస్తానములోని బదక్షాన్ గనుల రాతిని నూరి చేసినది. ఆ రంగు వెలయే ఆమెకు చూపిన గౌరవము.

క్రీ.శ. 600 ప్రాంతమున మార్సేల్సు నగరపు బిషప్పు సెరీనసు తన దేవాలయములలోని చిత్రములను ధ్వంసము చేయించగా, రోములోని పోపు గ్రెగొరీ అతనిని మందలించుచు లేఖ వ్రాసెను. చదువరులకు గ్రంథమెట్టిదో చదువురానివారికి చిత్రమట్టిదనియు, చిత్రమును పూజింపరాదు గాని నాశనము చేయుటయు తగదనియు ఆ లేఖ సారాంశము. తరువాతి వేయి సంవత్సరముల ఐరోపా చిత్రకళకు ఈ భావమే ఆధారమయ్యెను.

ఆ చిత్రములలో దేశదేశములకు తగినట్లు మారుచు వచ్చిన కథ తూర్పుదేశపు జ్ఞానులది. మత్తయి సువార్తలో దానికి లభించిన చోటు పండ్రెండు వచనములు మాత్రమే. జ్ఞానులు నక్షత్రమును చూచి వచ్చిరి. బేత్లెహేములో శిశువునకు బంగారము, సాంబ్రాణి, బోళము సమర్పించిరి. మరియొక మార్గమున తమ దేశమునకు మరలిరి. వారెందరో, వారి పేర్లేమో అందు లేదు, రాజులనియు లేదు. కానుకలు మూడు గనుక మనుష్యులును ముగ్గురైరి. తక్కినదంతయు సంప్రదాయము కల్పించినది, చిత్రకారులు రంగులలో నిలిపినది.

రోము నగరపు భూగర్భ సమాధులలో, ప్రిసిల్లా పేరు గల చోట, మూడవ శతాబ్దపు గోడచిత్రమున మువ్వురు తల్లీబిడ్డల వైపు నడచుచుందురు. వారికి కిరీటములు లేవు. ఆరవ శతాబ్దమున రవెన్నా నగరములో రంగురాళ్లు పొదిగి చేసిన చిత్రమున వారు పారసీకుల వేషములో, టోపీలతో, బిగుతైన కాలితొడుగులతో కానవత్తురు. తరువాతి శతాబ్దములలో టోపీల స్థానమున కిరీటములు వచ్చెను. ఒకడు వృద్ధుడు, ఒకడు నడివయస్సువాడు, ఒకడు యువకుడు. మానవుని మూడు వయస్సులును శిశువు ముందు మోకరిల్లినవని భావము. గాస్పరు, మెల్కియోరు, బల్తసారు అను పేర్లు స్థిరపడెను. ఒక సంప్రదాయము ననుసరించి గాస్పరు భారతదేశపు రాజు.

1305 ప్రాంతమున పాదువా నగరములో జొట్టో అను చిత్రకారుడు ఆ నక్షత్రమును తోకచుక్కగ చిత్రించెను. 1301లో హేలీ తోకచుక్క ఆకాశమున కనబడియుండెను. తాను చూచినదానినే గోడపై నిలిపెనని పండితులు పలువురు తలంతురు. 1423లో జెంటిలే ద ఫాబ్రియానో ఫ్లారెన్సులోని ధనికుడగు పల్లా స్ట్రోజ్జీ కొరకు బంగారురేకులతో నిండిన పటమును వ్రాసెను. అందు వృద్ధరాజు కిరీటమును నేలనుంచి సాగిలపడగా, శిశువు అతని బట్టతలపై చేయి యుంచును. రాజుకంటె గొప్పవాడెవరో చెప్పుటకు అందు ఒక్క అక్షరమైనను అవసరము లేదు.

పదునైదవ శతాబ్దమున మరియొక మార్పు కలిగెను. మువ్వురిలో ఒకడు ఆఫ్రికావాడుగ, నల్లని మేనితో, రాజవస్త్రములతో చిత్రింపబడసాగెను. 1504లో జర్మను చిత్రకారుడు డ్యూరరు వ్రాసిన పటమున అతడు ఠీవిగ నిలిచియుండును. అప్పుడు ఐరోపావారెరిగిన మూడు ఖండముల జనులకును ఆ పశువులపాకలో చోటు దొరకెను. కాని అదే శతాబ్దమున, 1444లో, పోర్చుగీసువారు ఆఫ్రికనులను ఓడలలో తెచ్చి లాగోసు రేవున బానిసలుగ పంచుకొనిరి. పటములో రాజు, ఓడలో బానిస. చిత్రము చెప్పిన ధర్మమును చూచినవారందరు ఆచరింపలేదు.

ఈ కథకు ఖమ్మము ప్రాంతముతో సంబంధము గలదు. భద్రాచలము రోడ్డు స్టేషనుకు పోవు రైలుమార్గము చీలు డోర్నకల్లు జంక్షనులో, నేటి మహబూబాబాదు జిల్లాయందు, ఒక దేవాలయము గలదు. దాని పేరు ఎపిఫనీ కెథెడ్రలు. ఎపిఫనీ యనగా గ్రీకున ప్రత్యక్షమగుట. క్రీస్తు అన్యజనులకు ప్రత్యక్షమైన దినముగ, జ్ఞానుల రాకను స్మరించుచు, జనవరి 6న జరుపు పండుగ యది. ఈ దేవాలయము 1939లో ఆ దినముననే ప్రతిష్ఠింపబడెను.

దీనిని నిర్మింపజేసిన బిషప్పు వేదనాయకము సామ్యూలు అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో డోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికను సంఘమున బిషప్పైన తొలి భారతీయుడయ్యెను. 1910లో ఎడింబరో మహాసభయందు, దొరలు భారతీయులకు ధనమును సేవను ఇచ్చుటతో చాలదనియు, స్నేహము నీయవలెననియు నిర్భయముగ చెప్పెను. ఆయన సంఘములో చేరినవారిలో అధికసంఖ్యాకులు ఊరి వెలుపల నివసించిన మాలమాదిగలు. దూరముగ నుంచబడినవారు లోనికి వచ్చిన పండుగ పేరు ఆ దేవాలయమునకు సార్థకమైనది.

మెదకు దేవాలయమున క్రీస్తుచరిత్ర ఇంగ్లండునుండి వచ్చిన రంగుటద్దముల కిటికీలలో వెలుగును. డోర్నకల్లున కట్టడమే కథ చెప్పును. మహమ్మదీయ శిల్పమును తలపించు గుమ్మటములు, దక్షిణదేశపు దేవళములను తలపించు స్తంభములు ఒకే కప్పు క్రింద చేరినవి. రవెన్నావారు జ్ఞానులకు పారసీక వేషము వేసిరి. ఫ్లారెన్సువారు తమ పట్టువస్త్రములు తొడిగిరి. డోర్నకల్లువారు ఈ గడ్డ వేషమునే ఆ కథకు తొడిగిరి. అజరయ్య 1945లో గతించెను. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము తన ముద్రలో సిలువతో పద్మమును చేర్చుకొనెను.

గుర్తులను చదువ నేర్చినవానికి భద్రాచలమందలి ధనుస్సును, డోర్నకల్లులోని గుమ్మటమును గ్రంథములే. పొరుగువాని గుర్తులను చదువగలిగిన ఊరిలో అపార్థమునకు తావు తక్కువ. ఆ చదువునకును గ్రంథాలయమే తగిన చోటు.