వీసా మీద బతికే ఊళ్లలో నిలబడ్డ సేవ

1968లో, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అనే దేశం ఇంకా పుట్టకముందు, ఆ తీరంలోని షేక్‌ల రాజ్యాలన్నిటిలో జనాన్ని లెక్కపెడితే సుమారు 1,80,000 మంది తేలారు. 1975 నాటికి ఆ లెక్క అయిదున్నర లక్షలు దాటింది. ఇప్పుడు కోటి దాటింది, అందులో పదింట తొమ్మిది వంతుల దాకా బయటి దేశాల వాళ్లే. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కోసం అక్కడ పుట్టిన సహాయ బృందాల చరిత్ర చెప్పాలంటే ఈ అంకెల దగ్గరే మొదలుపెట్టాలి. ప్రపంచంలో ఎక్కడైనా రమారమి 700 నుంచి 1,100 జననాలకు ఒక బిడ్డ ఈ స్థితితో పుడుతుంది. ఆ బిడ్డకు జాతి లేదు, పాస్‌పోర్టు రంగు లేదు. ఆ బిడ్డను ఎత్తుకునే చేతులు ఎన్ని ఉంటాయన్నది మాత్రం ఊరిని బట్టి మారుతుంది. అమ్మమ్మ, మేనమామ, పక్కింటి పిన్ని ఎవరూ లేని ఊళ్లో, ఉద్యోగం పోతే నెలల్లో దేశం విడవాల్సిన ఊళ్లో, ఆ చేతులను ఎవరో ఒకరు కొత్తగా కూడగట్టాలి. ఎమిరేట్స్‌లో ఆ పని చట్టాల కంటే ముందు స్వచ్ఛంద సేవ చేసింది. అయితే సేవకుల మంచితనం ఒక్కటే దాన్ని నిలబెట్టలేదు. వెళ్లిపోయేవాళ్లు తమ పనిని ఉండేవాళ్లకు అప్పగించే ఏర్పాటు ఎక్కడ కుదిరిందో అక్కడే అది నిలిచింది. ఈ రెండో మాట మన తెలుగు సంఘాలకు చాలా అవసరం.

చమురుకు ముందటి రోజుల్లో ఆ తీరాన ఇలాంటి పిల్లలకు ప్రత్యేక సంస్థ ఏదీ లేదు. ఆధునిక ఆసుపత్రే ఆలస్యంగా వచ్చింది. దుబాయ్‌లో అల్ మక్తూమ్ ఆసుపత్రి 1951లో, అల్ ఐన్‌లో మిషనరీ వైద్య దంపతుల ఆసుపత్రి 1960లో మొదలయ్యాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. శస్త్రచికిత్స లేని చోట వాళ్లలో చాలామంది పెరిగి పెద్దవాళ్లయ్యే అవకాశమే ఉండేది కాదు. ఇది ఎడారికే పరిమితమైన మాట కాదు. పాశ్చాత్య దేశాల్లోనూ 1929 నాటి అంచనా ప్రకారం వీళ్ల సగటు ఆయుర్దాయం తొమ్మిదేళ్లు. 1983 నాటికి అది పాతికేళ్లకు, ఇప్పుడు అరవై దాకా పెరిగింది. ఈ మార్పే అసలు చరిత్ర. బిడ్డ బతకడం మొదలైన తర్వాతే బడి, స్నేహితులు, ఉద్యోగం, తల్లిదండ్రుల తదనంతరం ఎవరు అన్న ప్రశ్నలు పుట్టాయి. 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ ఈ స్థితిని వర్ణించినప్పుడు గానీ, 1959లో పారిస్‌లో జెరోమ్ లెజ్యూన్ బృందం 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉంటుందని ప్రకటించినప్పుడు గానీ ఆ ప్రశ్నలకు జవాబు దొరకలేదు. జవాబు వెతికింది తల్లిదండ్రులు. అమెరికాలో 1960లో షికాగో దగ్గర, బ్రిటన్‌లో 1970లో బర్మింగ్‌హామ్‌లో తొలి సంఘాలు కట్టింది వాళ్లే. పసిబిడ్డను సంస్థలో వదిలేయమని వైద్యులే సలహా ఇచ్చే కాలంలో ఇంటికి తెచ్చుకుని, తమలాంటి వాళ్లను వెతుక్కుని, ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్నారు.

ఎమిరేట్స్‌లో కథ మరో దారిన నడిచింది. బ్రిటన్‌లో మాదిరి వందల మందిని గోడల మధ్య ఉంచే పెద్ద ఆశ్రమాల వ్యవస్థ అక్కడ పెరగలేదు. బిడ్డ ఇంట్లోంచి నేరుగా పగటిపూట నడిచే కేంద్రానికి వెళ్లింది. 1979లో షార్జాలో మొదలైన సంస్థ, ఇప్పటి షార్జా సిటీ ఫర్ హ్యుమానిటేరియన్ సర్వీసెస్, మొదట మరో సేవా సంఘానికి శాఖ. దుబాయ్‌లో అల్ నూర్ 1981లో, రషీద్ కేంద్రం 1994లో వచ్చాయి. ఇవన్నీ విరాళాల మీద, దాతల మీద, సమయం ఇచ్చే మనుషుల మీద పెరిగినవి. 1980ల ఆరంభంలో ప్రభుత్వం కూడా పునరావాస కేంద్రాలు తెరిచింది కానీ అవి ప్రధానంగా స్వదేశీయుల కోసం. వికలాంగుల హక్కులను గుర్తించిన సమాఖ్య చట్టం, 29వ నంబరుది, వచ్చింది 2006లో. అవే హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆ దేశం ఆమోదించింది 2010లో. అంటే షార్జా సంస్థకు, హక్కుల చట్టానికి మధ్య 27 ఏళ్లు గడిచాయి. ఆ మధ్యకాలమంతా అక్కడి పిల్లలకు దొరికిన బడి, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీల్లో పెద్ద భాగం హక్కుగా రాలేదు, ఎవరో పూనుకుంటే వచ్చింది.

పూనుకున్నవాళ్లలో తల్లిదండ్రుల బృందాలది ప్రత్యేకమైన చోటు. ఎమిరాటీల నాయకత్వంలో నడిచే ఎమిరేట్స్ డౌన్ సిండ్రోమ్ అసోసియేషన్, ప్రవాసుల మధ్య పెరిగిన ఆల్ ఫర్ డౌన్ సిండ్రోమ్ దుబాయ్, అనేక రకాల వైకల్యాలున్న పిల్లల కుటుంబాలను కలిపిన స్పెషల్ ఫ్యామిలీస్ సపోర్ట్ ఇలాంటివే. ఆసుపత్రి చేయలేని పనిని వీళ్లు తలకెత్తుకున్నారు. క్రోమోజోమ్ పరీక్ష ఫలితం చెప్పే వైద్యుడికి ఉండేది కొద్ది నిమిషాలు. ఆ తర్వాత వచ్చే మొదటి వారంలో తల్లికి కావలసింది, తనలాగే ఆ కాగితం అందుకుని పదేళ్లు దాటి వచ్చిన మరో తల్లి. గుండె స్కాన్ ఎప్పుడు తీయించాలి, థైరాయిడ్ పరీక్ష ఎన్నాళ్లకోసారి, పాలు పట్టని బిడ్డను ఎలా పట్టుకోవాలి, ఏ బడి నిజంగా చేర్చుకుంటుంది, ఏ బడి మర్యాదగా తిప్పి పంపుతుంది అన్నవి ఆమెకే తెలుస్తాయి. పిల్లలు పెరిగాక అవసరం మారుతుంది, సేవ రూపమూ మారుతుంది. దుబాయ్‌లో వికలాంగ పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పే సంస్థ దాదాపుగా స్వచ్ఛంద సేవకుల మీదే ఆధారపడింది. స్వారీ చేసే బిడ్డ ఒక్కరే అయినా గుర్రాన్ని నడిపించేవాళ్లు ఒకరు, అవసరమైతే పక్కన పట్టుకుని నడిచేవాళ్లు ఇద్దరు కావాలి. 2010లో ఒక డచ్ మహిళ దుబాయ్ పాతబస్తీ అల్ ఫహీదీలో మవాహిబ్ అనే చిత్రకళా స్టూడియో తెరిచింది, బడి వయసు దాటాక ఇంట్లో కూర్చోవడమే మిగిలిన యువతీయువకుల కోసం. బడి ముగిశాక ఏమిటన్న ప్రశ్నను అక్కడ గట్టిగా వేసిన తొలి చోట్లలో అది ఒకటని నా అభిప్రాయం.

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం సహజమైనది. అంత సంపన్న దేశంలో సేవకుల అవసరం ఏముంది, ప్రభుత్వమే జీతమిచ్చి మనుషులను పెట్టుకోవచ్చు కదా అంటారు. ప్రభుత్వం చేసింది తక్కువేమీ కాదు. అబుదాబీలో ఈ పని కోసం జాయెద్ హయ్యర్ ఆర్గనైజేషన్ 2004లో మొదలైంది. దుబాయ్ 2014లో సొంత చట్టం చేసుకుంది. 2017లో వైకల్యమున్న వారిని సంకల్పవంతులుగా పిలుస్తూ జాతీయ విధానం ప్రకటించారు. ఇవి గౌరవించదగ్గ అడుగులు. కానీ నెలవారీ సామాజిక సహాయం స్వదేశీయులకే. ప్రవాసి కుటుంబానికి థెరపీ, బడిలో పక్కన కూర్చునే షాడో టీచర్ జీతం సొంత ఖర్చు. ఇంకా ముఖ్యమైన సంగతి వీసా. కొడుకు యుక్తవయసుకు వచ్చాక తండ్రి స్పాన్సర్‌షిప్ కింద ఉండటానికి వయోపరిమితి ఉన్న దేశంలో, మేజరైన కొడుకుకు డౌన్ సిండ్రోమ్ ఉంటే ఆ ఇంటి పరిస్థితి ఊహించవచ్చు. 2022 అక్టోబరులో అమల్లోకి వచ్చిన నిబంధనలు ఈ పిల్లలకు ఏ వయసులోనైనా తల్లిదండ్రులతో ఉండే అనుమతినిచ్చాయి. ఒక్క నిబంధన ఎంత పెద్ద భయాన్ని తీసేస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది. అయినా ఏ నిబంధనా శనివారం పొద్దున వచ్చి ఆ కుర్రాడితో ఈతకొలనులోకి దిగదు. రాజ్యం ఇవ్వగలిగింది హక్కు, భవనం, జీతం. స్నేహితుడిని జీతానికి పెట్టుకోలేం.

రెండో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. ఆ దేశంలో సేవ చేయాలన్నా లైసెన్సు కావాలి, అలాంటి చోట పౌరసేవ స్వేచ్ఛగా ఎలా పెరుగుతుంది? నిజమే. సంఘాలను నియంత్రించే చట్టం 1974 నుంచీ ఉంది, 2008లో కొత్తది వచ్చింది. దుబాయ్‌లో చందాలు వసూలు చేయాలంటే 2015 నాటి ఉత్తర్వు ప్రకారం అనుమతి తప్పనిసరి. 2018లో స్వచ్ఛంద సేవకే సమాఖ్య చట్టం ఒకటి, దుబాయ్‌కి వేరే చట్టం ఒకటి వచ్చాయి. ఈ నిబంధనలు కొన్ని చిన్న బృందాలను వెనక్కి లాగుతాయన్న మాట వాస్తవం. నాలుగు కుటుంబాలు కలిసి ఒక థెరపిస్టుకు డబ్బు పోగేద్దామన్నా చట్టం వైపు చూసుకోవాలి. ఈ నష్టాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ తమకు జరిగింది నోటితో చెప్పలేని పిల్లల మధ్యకు అపరిచితులను పంపేటప్పుడు పేరు నమోదు, పూర్వాపరాల తనిఖీ, శిక్షణ, బాధ్యుల సంతకం ఉండటం పిల్లల రక్షణ. పైగా, ఉన్నవాళ్లు వెళ్లిపోతూ ఉండే సమాజంలో కాగితం మీద ఉన్న పనే మిగులుతుంది. చురుకైన ఒక తల్లి భర్త ఉద్యోగం మారి టొరంటోకో సిడ్నీకో వెళ్లిపోతే, ఆమె ఫోన్‌లో ఉన్న బృందం కొన్ని నెలల్లో చల్లబడుతుంది. ఆమె పనిని ఒక సంస్థ తన వారపు పట్టికలో చేర్చుకుని ఉంటే తర్వాతి వారం ఆ చోటికి ఇంకొకరు వస్తారు. 1979 నాటి షార్జా సంస్థ, 1981 నాటి అల్ నూర్ ఇవాళ్టికీ ఉన్నాయంటే, సేవకులు తరాలుగా మారినా కుర్చీ ఖాళీ కాకుండా చూసుకున్నందుకే.

2019 మార్చి 14 నుంచి 21 వరకు అబుదాబీలో జరిగిన స్పెషల్ ఒలింపిక్స్ ప్రపంచ క్రీడలు ఈ చరిత్రలో అందరికీ కనబడిన ఘట్టం. మధ్యప్రాచ్యంలో అవి జరగడం అదే మొదటిసారి. 7,000 మందికి పైగా క్రీడాకారులు, దాదాపు 20,000 మంది సేవకులు. ముగింపు రోజు మార్చి 21, ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం. వారం రోజుల పండుగలో టీ షర్టు వేసుకుని ఫొటో దిగి వెళ్లిపోతే ఒరిగేదేమిటని కొందరు అడిగారు. నేను ఆ ప్రశ్నను సగం ఒప్పుకుంటాను. వారం రోజుల సేవ బిడ్డ జీవితాన్ని మార్చదు. కానీ వేల మంది ఉద్యోగులు, విద్యార్థులు మేధోవైకల్యం ఉన్న మనిషితో కలిసి భోజనం చేసి, మాట్లాడి, ఓటమికి ఏడిస్తే పక్కన కూర్చున్న అనుభవం చిన్నది కాదు. బడులలో అందరూ కలిసి ఆడే జట్లు ఆ అనుభవం మీద కట్టవలసినవి. పండుగ విలువను ఆ తర్వాతి మంగళవారం ఎంతమంది వచ్చారన్న లెక్కతో కొలవాలి.

మూడో అభ్యంతరం నైపుణ్యానిది. శిక్షణ లేనివాళ్లు సాయం చేయబోయి చెడగొడతారని నిపుణులు భయపడతారు. థెరపీ నిపుణుల పనే, అందులో వాదన లేదు. అయితే నిపుణులు చేయలేనిది ఒకటుంది, అది భాష. ఇంగ్లిష్ బడి, ఇంగ్లిష్ థెరపిస్టు ఉన్న ఊళ్లో, బిడ్డ అయోమయపడుతుందని ఇంట్లో తెలుగు మానేయమనే సలహా చాలా కుటుంబాలకు ఎదురవుతుంది. 2005లో కెనడాలో ఎలిజబెత్ కే-రెయినింగ్ బర్డ్ బృందం ప్రచురించిన పరిశోధన ఈ భయానికి ఆధారం లేదని చూపింది. రెండు భాషల మధ్య పెరిగిన డౌన్ సిండ్రోమ్ పిల్లలు ఇంగ్లిష్‌లో ఒకే భాషతో పెరిగిన అలాంటి పిల్లలకు తీసిపోలేదు. తెలుగు మానిపిస్తే పోయేది ఇంగ్లిష్ లోటు కాదు, నాయనమ్మతో ఫోన్‌లో మాట్లాడే దారి. అలాంటి బిడ్డతో వారానికో గంట తెలుగులో కథ చెప్పి, పాట పాడి, అంత్యాక్షరి ఆడేందుకు డిగ్రీ అక్కర్లేదు, ఓపిక, క్రమం తప్పని రాక కావాలి. ఈ పనిని మలయాళీలు గానీ, ఫిలిపినోలు గానీ వచ్చి మనకు చేసిపెట్టలేరు. ఇంకో పనీ మనదే. మేనరికం వల్లే ఇలా పుట్టిందని, తల్లి చేసిన తప్పని మన ఇళ్లలో అనే మాటలకు జవాబు చెప్పడం. మేనరికానికి వేరే ప్రమాదాలున్నాయి గానీ 21వ క్రోమోజోమ్ అదనంగా చేరడానికి అది కారణం కాదు. తల్లి వయసుతో ఆ అవకాశం పెరుగుతుంది, అది కూడా ఎవరి తప్పూ కాదు.

షార్జాలోని ఇండియన్ అసోసియేషన్ భారతీయ కుటుంబాల కోసం అల్ ఇబ్తిసామా అనే ప్రత్యేక పాఠశాల నడుపుతోంది. ప్రవాస సంఘం ఓనం, దీపావళి దాటి ఇంత పని చేయగలదని అది రుజువు చేసింది. అయితే జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన మనవాళ్లలో ఎక్కువమందికి కుటుంబాన్ని తీసుకెళ్లే జీతమే ఉండదు. వాళ్ల బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంటే ఆ బిడ్డ ఊళ్లోనే పెరుగుతుంది. అక్కడా సాయం లేకపోలేదు. సికింద్రాబాద్‌లో 1984 నుంచి మేధోవైకల్యమున్న వారి కోసం జాతీయ సంస్థ ఉంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రాలున్నాయి. వైకల్యానికి సదరం ధ్రువపత్రం, పింఛను ఉన్నాయి. 2013లో మొదలైన జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించాల్సిన స్థితుల పట్టికలో డౌన్ సిండ్రోమ్ ఉంది. అవి ఉన్నాయని దుబాయ్‌లోని సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉన్న తండ్రికి ఎవరు చెప్పాలి? దుబాయ్, షార్జా, అబుదాబీలలోని తెలుగు సంఘాలు ఉగాది వేదిక మీద ఒక సన్మానంతో సరిపెట్టకుండా, లైసెన్సున్న ఏదో ఒక కేంద్రంతో ఒప్పందం చేసుకుని, వారానికి ఒక పూట, ఫలానా ఇద్దరు, వాళ్లు వెళ్లిపోతే ఫలానా మరో ఇద్దరు అని పేర్లు రాసి ఇవ్వాలి. క్యాంపులోని తండ్రికి తెలుగులో దారి చెప్పే ఒక ఫోన్ నంబరును సంఘం పేరు మీద, వ్యక్తి పేరు మీద కాకుండా, నిలబెట్టాలి. ఈ ఏడాది కార్యవర్గ సమావేశంలోనే ఈ రెండు తీర్మానాలూ పెట్టండి.