ఉన్ని సొమ్ముతో లేచిన గుమ్మటం

ఫ్లోరెన్స్ పేరు వినగానే మైకెలాంజెలో శిల్పాలు, గుచ్చి సంచులు, ఫెరగామో చెప్పులు గుర్తుకొస్తాయి. ఆ అందానికంతా పెట్టుబడి పెట్టింది బట్ట. గూడూరులో మగ్గం గుంత పక్కనే పెరిగాను గనుక, ఇటలీలో స్థిరపడ్డాక ఇక్కడి చరిత్రలో నన్ను అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నది ఈ సంగతే. మొన్నటి సెలవుల్లో ఇంటిల్లిపాదీ వెళ్లి ఆ ఊరు చూసొచ్చాం. గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని పాఠకులకు ఆ కథ చెప్పాలనిపించింది. అందులో సగం మనం ఇళ్లలో చూసిన కథే.

మేముండే మిలాన్ నుంచి స్పీడు రైల్లో రెండు గంటల ప్రయాణం. స్టేషన్ దిగి పావుగంట నడిస్తే ఊరి నడిబొడ్డు. ఊరి మధ్యగా ఆర్నో నది. రోమన్ల కాలంలో చిన్న పట్నంగా మొదలైన ఫ్లోరెన్స్ 1200 తర్వాత గబగబా పెరిగింది. కారణం ఉన్ని. ఇంగ్లండు లాంటి దూరదేశాల నుంచి ముడి ఉన్ని తెప్పించి, ఆర్నో నీళ్లలో కడిగి, ఏకి, వడికి, నేసి, రంగులద్ది, ఊరూరా అమ్మేవాళ్లు. 1252లో ఈ నగరం ఫ్లోరిన్ అనే బంగారు నాణెం ముద్రించింది. మూడున్నర గ్రాముల మేలిమి బంగారం. యూరప్‌లో ఏ సంతకు పోయినా చెల్లేది. 1338 ప్రాంతపు లెక్కలను జొవాన్ని విల్లాని అనే వర్తకుడు తన ఊరి చరిత్రలో రాసిపెట్టాడు: 200కు పైగా ఉన్ని కార్ఖానాలు, ఏడాదికి 70 నుంచి 80 వేల తానులు, ఆ పని మీద బతికేవాళ్లు 30 వేల మందికి పైగా.

కార్ఖానా అన్నా, పని చాలావరకు ఇళ్లలోనే జరిగేది. వర్తకుడు ఉన్నిని ఏకించి, పల్లెల్లో ఆడవాళ్ల చేత వడికించి, నేతగాళ్ల ఇళ్లకు నూలు పంపేవాడు. నేసి తెచ్చిస్తే మజూరీ. నూలు షావుకారుది, కష్టం నేతగాడిది, బట్ట మళ్లీ షావుకారుది. మా అవ్వ కండెలు చుడుతుంటే మా నాయన నేసిన పద్ధతీ అదే. ఫ్లోరెన్స్ వర్తకులు పెద్ద లావాదేవీలన్నీ బంగారు ఫ్లోరిన్లలో చేసుకునేవాళ్లు. కూలి ఇచ్చేది మాత్రం చిల్లర నాణేల్లో. వాటిలో వెండి పాలు తగ్గుతూ వచ్చేది, కూలివాడి సంపాదన దాంతోపాటే కరిగిపోయేది.

ఉన్ని వర్తకుల సంఘం ఆఫీసు భవనం ఇప్పటికీ ఉంది. 1308 నాటిది. రాతిగోడ మీద సంఘం గుర్తు చెక్కి ఉంటుంది: తల చుట్టూ వలయంతో ఒక గొర్రెపిల్ల, దాని పక్కన జెండా. పెద్ద చర్చి కట్టే బాధ్యతను 1331లో నగర ప్రభుత్వం ఈ సంఘానికే అప్పజెప్పింది. 1296లో పునాది వేసిన ఆ చర్చికి గోడలు లేచాయి గానీ, నడిమి ఖాళీని ఎలా కప్పాలో ఎవరికీ అంతుపట్టలేదు. దాదాపు 45 మీటర్ల వెడల్పు. అంత ఎత్తుకు నేల నుంచి సారువ కట్టాలంటే కలప ఎక్కడ దొరుకుతుంది? ఫిలిప్పో బ్రూనెలెస్కి అనే కంసాలి, కింది నుంచి సారువ లేకుండానే కడతానని ముందుకొచ్చి 1420లో పని మొదలుపెట్టాడు, 1436లో ముగించాడు. ఒకదాని లోపల ఒకటిగా రెండు గుమ్మటాలు. వాటి నడుమ 463 మెట్లు ఎక్కి పైకి పోవచ్చు. దారిలో ఇటుకల వరస కళ్లెదుటే ఉంటుంది. అడ్డంగా పేర్చిన ఇటుకల మధ్య అక్కడక్కడ ఒక ఇటుకను నిలువుగా నిలబెట్టారు. ఆ నిలువు ఇటుకలు వరస వరసకూ పక్కకు జరుగుతూ, మన దుప్పటి నేతలో ఏటవాలుగా నడిచే గీతలా, పైదాకా చుట్టుకుపోతాయి. సున్నం ఆరేలోగా అడ్డం ఇటుకలు జారకుండా పట్టి ఉంచింది అవే. గోడకు చెయ్యి ఆనించి అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

పట్టు వర్తకుల సంఘమూ తక్కువ తినలేదు. అనాథ శిశువుల కోసం 1419లో అదే బ్రూనెలెస్కి చేత ఆశ్రమం కట్టించడం మొదలుపెట్టింది. 1445లో తొలి బిడ్డ అక్కడికి చేరింది. ముందరి కమానుల మీద నీలం రంగు గుండ్రాల్లో మెరుగు మట్టితో చేసిన పసిబిడ్డల బొమ్మలు ఉన్నాయి. ఒంటికి గుడ్డపట్టీలు చుట్టిన బిడ్డలు, చేతులు చాచి ఉంటారు. మా ఇంట్లో ఆడవాళ్లు ఆ గుమ్మం ముందు నుంచి తొందరగా కదల్లేదు.

ఇంత కట్టించినవాళ్లు తమ పనివాళ్లను మాత్రం దగ్గరకు రానివ్వలేదు. నగర పాలనలో కూర్చోవాలంటే ఏదో ఒక సంఘంలో సభ్యత్వం ఉండాలి. ఉన్ని ఏకేవాళ్లకు, కడిగేవాళ్లకు సంఘం పెట్టుకునే హక్కే లేదు. వాళ్లను శిక్షించడానికి వర్తకుల సంఘం సొంత అధికారిని పెట్టుకుంది. 1345లో చూతో బ్రాందీని అనే ఉన్ని ఏకేవాడు తోటివాళ్లను కూడగట్టబోతే ఉరి తీశారు. ఆ తర్వాత 1348లో ప్లేగు వచ్చి ఊళ్లో సగం మందికి పైగా పోయారు. 1378 వేసవిలో చోంపీలు అని పిలిచే ఆ కూలివాళ్లు తిరగబడ్డారు. జులైలో నగర పాలక భవనాన్ని పట్టుకుని, మికేలే ది లాందో అనే ఉన్ని ఏకేవాణ్ణి పాలకమండలికి అధిపతిని చేశారు. కూలివాళ్లకు కొత్తగా మూడు సంఘాలు ఏర్పడ్డాయి, అందులో ఒకటి చోంపీలది. వర్తకులు కార్ఖానాలు మూసేసి ఆకలితో లొంగదీశారు. ఆగస్టు 31న సిన్యోరియా చౌకులో పోరు జరిగింది. తాము గద్దెనెక్కించిన లాందోయే ఎదురు నిలవగా చోంపీలు ఓడిపోయారు. వాళ్ల సంఘం వెంటనే రద్దయింది, మిగతా రెండూ 1382లో పోయాయి. ఆ చౌకులోనే ఇవాళ మైకెలాంజెలో డేవిడ్ విగ్రహం నకలు ముందు జనం ఫోటోలు దిగుతుంటారు.

చోంపీలు కోరింది ఏమంత పెద్దది? తమకొక సంఘం, న్యాయమైన కూలి, చెప్పుకునే చోటు. అదే కోరిక ఐదున్నర శతాబ్దాల తర్వాత మన ఎమ్మిగనూరులో నెరవేరింది. కరువులకు పెట్టింది పేరైన ఆ నేలలో, అప్పటికింకా బళ్లారి జిల్లాలో ఉన్న ఆ ఊళ్లో, మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. సంఘమే నూలిచ్చి, సంఘమే బట్ట కొని, సంఘమే అమ్మే పద్ధతి. నేతగాడు అందులో సభ్యుడు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సంఘానికి ఇవాళ ఆనాటి వెలుగు లేదు, నిజమే. కానీ ఫ్లోరెన్స్ అంత సంపదతో చేయలేనిది మనవాళ్లు కరువు నేల మీద చేసి చూపించారు. ఆ వీధుల్లో తిరుగుతున్నంతసేపూ నాకు గర్వంగా అనిపించింది ఆ సంగతి తలచుకునే.

ఫ్లోరెన్స్ తర్వాత మెడిచీ అనే సంపన్న కుటుంబం చేతికి పోయింది. బొమ్మలు, పుస్తకాలు వాళ్ల ఇళ్లకు చేరాయి. ఆ వంశంలో చివరి ఆడబిడ్డ ఆన్నా మరీయా లుయీజా 1737లో కొత్త పాలకులతో ఒప్పందం రాయించింది, ఆ సొత్తులో ఏదీ ఊరు దాటకూడదని. ఇవాళ లక్షల మంది ఆ ఊరికి వస్తున్నారంటే ఆ కాగితం పుణ్యమే. బట్ట కథ కూడా అక్కడ ఆగలేదు. 1951లో జొవాన్ని బత్తిస్తా జొర్జీని అనే వ్యాపారి ఆ ఊళ్లోని తన ఇంట్లోనే అమెరికా కొనుగోలుదార్లను పిలిచి ఇటలీ దుస్తుల ప్రదర్శన పెట్టాడు. ఇటలీ ఫ్యాషన్ లోకానికి తెలిసింది అక్కడి నుంచే.

ఈ కథంతా మనకు తెలిసింది ఎలా? సంఘాల పద్దులు, కోర్టు తీర్పులు ఆ ఊళ్లో దాచారు గనుక. ఉరి తీసినవాళ్లే రాసిన తీర్పు వల్ల చూతో బ్రాందీని పేరు ఇన్ని వందల ఏళ్ల తర్వాత గూడూరు మనిషి నోట పలుకుతోంది. మన నేతగాళ్ల పేర్లు మజూరీ పుస్తకాల్లో, పాత రసీదుల్లో, అటకల మీద డిజైను కాగితాల్లో ఉంటాయి. మీ ఇంట్లో అలాంటివి ఉంటే చెదలకు వదలకండి, పాత కాగితాల వాడికి వేయకండి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఎవరు ఏ మగ్గం మీద ఏం నేసేవారో అడిగి రాసిపెట్టండి. గూడూరులో, ఎమ్మిగనూరులో ఒక్కో గది చాలు, వాటిని భద్రంగా ఉంచడానికి. నా వంతుగా మా నాయన మజూరీ పుస్తకాలు ఇస్తాను.